ఎత్తిపోసిన నీళ్లు

కొమురెల్లి ఇప్పుడు బాగున్నాడు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటివి చదివేటప్పుడు నాకు ఓపిక ఉండదు. చివరి పేజీ తిప్పి, మనిషి ఉన్నాడా పోయాడా చూసుకుని కానీ మొదటికి రాను. మీరూ నాలాంటివాళ్లే అయితే, ఉన్నాడు. నిన్ననే ఫోన్‌లో వాడి నవ్వు విన్నాను. ఇక కుదురుగా చదవండి. రాసే నేను మాత్రం కుదురుగా లేను. ఈ పేరా రాసేలోపే రెండుసార్లు లేచి వాకిట్లోకి వెళ్లొచ్చాను. "జర కూసోవే, నీ కాళ్లకేమైంది" అని మా ఆయన నన్ను ఏడాదిగా అంటూనే ఉన్నాడు.

కొమురెల్లి నా తమ్ముడు. మాది జనగామ జిల్లాలో బచ్చన్నపేట దగ్గరి ఊరు. కొమురెల్లి మల్లన్నకు మొక్కుకుంటే పుట్టాడని అమ్మ వాడికి ఆ పేరు పెట్టింది. పుట్టేటప్పుడు ఊపిరి అందలేదట. మాట రాలేదు, చేతులు సరిగా సాగవు, నడవాలంటే ఒకరు పట్టుకోవాలి, ఫిట్స్ వస్తాయి. దవాఖానల్లో వాడి చీటీల మీద రాసిన పేర్లు చాలా ఉన్నాయి కానీ వాటితో ఇక్కడ పని లేదు. నలభైకి దగ్గర పడ్డా మాకు వాడు చిన్నోడే. మింగడం వాడికి మొదటి నుంచీ కష్టం. మీరూ నేనూ ఆలోచించకుండా చేసే ఆ పనికి వాడు ప్రతిసారీ ఒళ్లంతా కూడదీసుకుంటాడు.

అమ్మ వాడికి అన్నం మెత్తగా పిసికి పెట్టేది. నీళ్లకు వాడి గ్లాసు వేరు, అంచు ఒకచోట నొక్కుకుపోయిన పాత స్టీలు గ్లాసు. వాడి తల కాస్త కిందికి వంచి, ఆ అంచు పెదవికి ఆనించి, గుక్క గుక్కకూ ఆగుతూ తాగించేది. అదొక వైద్యమని మాలో ఎవరికీ తోచలేదు. అమ్మ పద్ధతి, అంతే. మిగతా అందరం చెంబు ఎత్తి గొంతులో పోసుకునే తాగుతాం. చెంబుకు మూతి తగిలితే ఎంగిలైందని అమ్మ వీపు మీద ఒకటి వేసేది. ఇంట్లో ఆ పట్టింపు లేనిది కొమురెల్లికి ఒక్కడికే.

అమ్మ పోయిన తర్వాత

అమ్మ పోయాక వాణ్ని కొన్నాళ్లు వదిన చూసుకుంది. పెద్ద మనిషిని లేపడం, కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, ఇవన్నీ ఒంటి చేత్తో చేసి ఆమె నడుము పోయింది. అన్నకు పత్తి చేను ఉంది, ఊళ్లో రాజకీయం ఉంది. ఎవరింట్లో పంచాయితీ అయినా ఆయన ఉండాల్సిందే, తన ఇంట్లో పంచాయితీకి మాత్రం దొరకడు. నేను మొగుళ్లపల్లిలో బట్టలు కుడతాను. అప్పటికి మా అత్త మంచం మీద ఉంది. వాణ్ని నా దగ్గరికి తెచ్చుకుంటానని అనాలని నోటిదాకా వచ్చేది, అనలేకపోయేదాన్ని.

అప్పుడే ఎవరో నర్సింహులపేట దగ్గర ఒక హోమ్ ఉందని చెప్పారు. ఇలాంటి పెద్దవాళ్లను ఉంచుకునే చోట్లు మా వైపు లేవనే చెప్పాలి. ఉన్న ఒకటీ అరా చోట్ల కూడా నడవగలిగితేనే, ఫిట్స్ లేకపోతేనే అంటారు. ఇక్కడ అవేవీ అడగలేదు. రిటైరైన ఒక సారు, ఆయన భార్య కలిసి నడుపుతున్నారు. ఆమెను అందరూ మేడం అంటారు. మేం చూడ్డానికి వెళ్లినప్పుడు నేల మెరుస్తోంది, పక్కల మీద తెల్లటి దుప్పట్లు, ఫినాయిల్ వాసన. సారు చేయి చూపిస్తూ, ఇక్కడ ఒకరి ఎంగిలి ఒకరికి తగలదని, శుభ్రం విషయంలో తాను ఎవరి మాటా విననని చెప్పాడు. అన్న మురిసిపోయాడు. నిజం చెప్పాలంటే నేనూ మురిసిపోయాను. అమ్మ ఉంటే ఆమె కూడా ఇదే మెచ్చుకునేది.

బట్టలతో పాటు తెచ్చిన వాడి గ్లాసును సారు తిరిగి ఇచ్చేశాడు. అందరికీ ఒకటే పద్ధతి, విడి గ్లాసులు పెడితే ఎవరిది ఎవరిదో తెలియక ఎంగిలి కలుస్తుందన్నాడు. వదిన దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లి బియ్యం డబ్బాలో కొలతకు పెట్టుకుంది.

వానల్లో

నెలకొక ఆదివారం చూడనిచ్చేవారు. మొగుళ్లపల్లి నుంచి పరకాల, పరకాల నుంచి హన్మకొండ, అక్కడి నుంచి తొర్రూరు, ఆ తర్వాత ఇంకొకటి ఎక్కాలి. బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, అందుకే సీటూ లేదు. నిలబడే వెళ్లేదాన్ని. ఎలాగూ నేను కూర్చునే మనిషిని కాదు.

మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి వాణ్ని బయటికి తెచ్చేవారు. తలకు నూనె, మొహానికి పౌడరు, ఉతికిన చొక్కా. ప్రతిసారీ ఆ చొక్కా కొంచెం వదులయ్యేది. భోజనాల వేళకు హాల్లోకి బయటివాళ్లను రానివ్వరు, తలుపు దగ్గరికి వేస్తారు. భోజనాలయ్యాక లోపలి నుంచి దగ్గులు వినిపించేవి. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు, ఆ పక్కన మరొకరు. వానలు కదా, జలుబులనుకున్నాను. ఒకసారి వాడి బట్టలు పెట్టడానికి లోపలికి వెళితే కొమురెల్లి పక్క మంచం ఖాళీగా ఉంది. జ్వరమొచ్చి పోయాడని చెప్పారు. ఆ మనిషి పేరు కూడా నాకు తెలియదు. దారి పొడవునా ఆ ఖాళీ మంచమే కళ్లముందు ఉంది.

అక్కడ పనిచేసే ఆమె రాజవ్వ. పెద్ద వయసు. వీళ్లందరినీ కొడుకా, బిడ్డా అనే పిలుస్తుంది. మా వాడు ఈమధ్య మొండికేస్తున్నాడని, నీళ్లంటే చాలు మొహం తిప్పేసుకుంటున్నాడని నాతో అంది. ఆమె గొంతులో విసుగు లేదు, బాధే ఉంది. అమ్మ మీద బెంగ కావచ్చని నేనే ఆమెకు సర్దిచెప్పాను.

పత్తి ఏరే రోజుల్లో

మొదటి జ్వరానికి వాణ్ని మహబూబాబాద్ దవాఖానకు తెచ్చారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు, మందులతో తగ్గింది, తిరిగి హోమ్‌కు పంపించాం. పత్తి ఏరే పనులు మొదలయ్యేసరికి మళ్లీ అదే. ఈసారి వాడి పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. నన్ను చూసి నవ్వబోయాడు కానీ ఆ పని సగంలో ఆపేశాడు.

దవాఖానలో ఎదురుచూడటం నాకు రాదు. అందరూ గోడకు ఆనుకుని కూర్చుంటే నేను ఆ చివర నుంచి ఈ చివరకు కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. వాచ్‌మన్‌కు తల తిరిగిందేమో, ఒక చోట నిలబడమ్మా అన్నాడు. తండా నుంచి వచ్చిన ఒకామె, భర్తకు తోడుగా ఉన్నది, తన చాపలో సగం నాకు జరిపింది. తన మూటలోని రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. ఆమె భాష నాకు రాదు, నా గోల ఆమెకు అర్థం కాదు. ఆ రొట్టె తిన్నాకే తెలిసింది, పొద్దుటి నుంచి ఏమీ తినలేదని.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. ఇది రెండోసారి కదా, మూడోసారి వస్తే చెప్పలేమని నా మొహంలోకి చూస్తూనే అంది. ఆ సూటిదనానికి కోపం వచ్చింది, తర్వాత మనసులోనే దండం పెట్టుకున్నాను.

వాడు కొంచెం తేరుకున్నాక ఒక మధ్యాహ్నం నాకు దాహమేసి నీళ్ల బాటిల్ ఎత్తాను. అది చూసి కొమురెల్లి మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. పళ్లు బిగించాడు, మెడ నరాలు తేలాయి. బాటిల్ దించాక గానీ ఇటు తిరగలేదు. అదేమిటో నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం డాక్టరమ్మ వచ్చినప్పుడు చెప్పాను. ఆమె చేతిలో చీటీ పక్కన పెట్టింది.

"అమ్మా, ఈయనకు నీళ్లు ఎట్ల తాగిపిస్తరో నాకు ఒకసారి చూపియ్యి" అంది.

చాయ్ కప్పులో నీళ్లు పోసి, తల వంచి, అంచు పెదవికి ఆనించి, అమ్మలాగే ఆగి ఆగి తాగించాను. వాడు తాగాడు. దగ్గలేదు.

"గిట్ల తాగే మనిషికి నీళ్లు ఊపిరితిత్తుల్లకు ఎందుకు పోతున్నయి? అక్కడ ఎట్ల తాగిపిస్తున్నరో ఎప్పుడన్న చూసినవా?"

చూడలేదు. ఇన్ని ఆదివారాలు వెళ్లాను, ఒక్కసారీ చూడలేదు. తలుపు దగ్గరికి వేసి ఉంటుంది కదా.

మర్నాడు అన్నను వాడి దగ్గర కూర్చోబెట్టి బస్సెక్కాను. ఆదివారం కాదు, వస్తున్నానని చెప్పలేదు. వాడి దుప్పటి తీసుకెళ్లాలని గేటు దగ్గర అబద్ధమాడి, భోజనాల వేళకు హాల్లోకి వెళ్లిపోయాను.

అన్నం బాగానే పెడుతున్నారు. మెత్తగా ఉంది, వేడిగా ఉంది. అది చూసి నా అనుమానానికి నేనే సిగ్గుపడ్డాను. తర్వాత రాజవ్వ కొంగు నడుముకు దోపుకుని నీళ్ల జగ్గుతో వరుస మొదలుపెట్టింది. ఎడమ చేత్తో మనిషి గదవ పట్టి తల వెనక్కి వంచుతుంది, కుడి చేత్తో జగ్గు పైకెత్తి ధార కడుతుంది. జగ్గు ఎవరి పెదవికీ తగలదు. అంత జాగ్రత్తగా, అంత ప్రేమగా పోస్తోంది. పోశాక కొంగుతో మూతి తుడుస్తోంది. ఆమె ముందుకు వెళుతుంటే వెనక నుంచి దగ్గులు మొదలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు, వరుసగా.

చివర్లో నెరిసిన జుట్టు మనిషి ఒకతను, పేరు సాయిలు, అతని కోసం ఎవరూ రారట. జగ్గు పైకి లేవగానే గోడవైపు మొహం తిప్పి పళ్లు బిగించాడు.

"గీయన గూడ మీ తమ్ముని లెక్కనే మొండోడు బిడ్డా" అని, రాజవ్వ అతని బుగ్గలు నొక్కి నోరు తెరిపించింది.

మా వాడికి మాట లేదని ఇన్నేళ్లూ అనుకున్నాం. వాడు చెబుతూనే ఉన్నాడు, రోజూ, పూటపూటకూ. దానికి మేమంతా కలిసి మొండితనమని పేరు పెట్టాం.

ఎవరి మీద అరవాలో తెలియక సారు గదిలోకి వెళ్లి ఆయన మీద అరిచాను. మెల్లగా చెప్పాల్సింది, నాకు అది రాదు. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. తల్లి తమను ఇలాగే పెంచిందని, ఇందులో తప్పేముందని అడిగాడు. ఒకరి ఎంగిలి ఒకరు తాగితే రోగాలు రావా, ఇంతమందికి ఇద్దరే మనుషులుంటే గుక్కగుక్కకూ ఎవరు ఆగుతారు అన్నాడు.

"మా పద్ధతి నచ్చకపోతే తీసుకపోండ్రి. మేం వద్దనలే" అన్నాడు చివరికి.

ఆ మాటకు బయటికి వచ్చేశాను. అసలు భయం అదే. ఊరుకుంటే మూడోసారి జ్వరం వస్తుంది. గట్టిగా మాట్లాడితే వాడికి ఉన్న ఒక్క చోటూ పోతుంది. మహబూబాబాద్ దాకా బస్సులో ఈ రెండూ నా తలలో తిరుగుతూనే ఉన్నాయి. సీటు దొరికినా లేచి మెట్ల దగ్గర నిలబడ్డాను.

నాకంటే ముందే సారు ఫోన్ అన్నకు చేరింది. దవాఖాన వరండాలో పట్టుకున్నాడు నన్ను.

"పంచాయితీ పెట్టుకొని వచ్చినవట. వాళ్లు పొమ్మంటె ఏడ పెడదాం వాణ్ని? నువ్వు పెట్టుకుంటవా?"

"పెట్టుకోలేను అన్నా. గని సంపుకోను గూడ సంపుకోను."

ఆ రాత్రి అన్న వాడి దగ్గర పడుకున్నాడు, నేను వరండాలో తిరిగాను. పొద్దున్నే వదిన ఊరి నుంచి వచ్చింది, వంగలేక వంగుతూ. ఫోన్‌లో ఈ గొడవంతా విన్నదట. మంచం పక్కన కూర్చుని సంచిలోంచి ఆ పాత గ్లాసు తీసింది. అంచు నొక్కుకుపోయినదే. ఇంకా అడుగున రెండు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి. "గీ గిలాసలయితె తాగుతడని" అని, ఇంకేమీ అనకుండా కడగడానికి వెళ్లింది. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. వాణ్ని మోసి మోసి నడుము పోగొట్టుకున్న మనిషి ఆమె. వదిలించుకుందని నేను లోలోపల అనుకున్న మనిషీ ఆమే.

వాడికి తోడుగా వదినను ఉంచి, సారుకు సర్దిచెప్పి వద్దాం పదమని అన్న నన్ను బయల్దేరదీశాడు. ఊళ్లో పంచాయితీలు తెంపే మనిషి కదా, దారంతా నేనేం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో నేర్పిస్తూ వచ్చాడు. తలూపాను.

హోమ్‌లో భోజనాలు అవుతున్నాయి. సారు బయట ఎవరితోనో ఉన్నాడు, అన్న నేరుగా ఆయన దగ్గరికి వెళ్లాడు. హాలు గుమ్మంలో మేడం కనిపించింది. అన్న నేర్పిన మాటలన్నీ అక్కడే మరిచిపోయాను.

"మేడం, ఒక్కసారి మీరు కుర్చీల కూసోండ్రి. రాజవ్వ మీకు నీళ్లు పోస్తది. మీరు చెయ్యి అడ్డం పెట్టొద్దు, ఆగుమని సైగ చెయ్యొద్దు. గంతే."

మేడం నవ్వింది. పుట్టినప్పటి నుంచి ఎత్తిపోసుకునే తాగుతున్నాను కదా, నాకేమవుతుంది అంటూ కూర్చుంది. రాజవ్వ వెనకాడింది. మేడం పొయ్యమంది. రాజవ్వ ఆమె గదవ పట్టి, తల వెనక్కి వంచి, ధార కట్టింది.

మొదటి గుక్కలు దిగాయి. ఆ తర్వాత మేడం కళ్లు పెద్దవయ్యాయి. నీళ్లు వస్తూనే ఉన్నాయి. చేతులు కుర్చీ పట్టుకున్నాయి. ఒక్కసారి పొలమారి ముందుకు వంగిపోయింది, చీరంతా తడిసింది, ముక్కులోంచి కూడా నీళ్లొచ్చాయి. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. వరుసలో కూర్చున్న ఒక పిల్ల సంబరంగా చప్పట్లు కొట్టింది. సారు, అన్న పరుగెత్తుకుంటూ వచ్చారు.

మేడం కళ్లు తుడుచుకుని చాలాసేపు ఆ జగ్గు వంక చూసింది.

"మనం పోసుకుంటె మన చెయ్యే ఆపుతది" అంది సారుతో. "వీళ్లకు ఆ చెయ్యి లేదు."

రాజవ్వ జగ్గు కింద పెట్టి గోడవారగా కూలబడింది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు, ఆమే తన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. మాకందరికీ అమ్మలు నేర్పిన శుభ్రమే ఆమె చేసింది.

సారు క్షమించమనలేదు. గ్లాసులెక్కడివి, ఎవరు కడగాలి, ఎవరిది ఎవరికి అని మాత్రం అడిగాడు. ఆయన కోపమంతా ఆ ప్రశ్నల్లోనే ఉంది కానీ అవి అడగాల్సిన ప్రశ్నలే. అన్న ముందుకు వచ్చి, అది నాకు వదిలెయ్యండి సారూ అన్నాడు.

శివరాత్రి దాటాక

మా వైపు లగ్గానికైనా, పెద్దకర్మకైనా స్టీలు సామాను పంచుతారు, పేర్లు చెక్కించి. ప్రతి ఇంట్లో అటక మీద అవి పడి ఉంటాయి. అన్న ఊరంతా తిరిగాడు, ఓట్లు అడిగినట్టే ఇంటింటికీ వెళ్లి గ్లాసులు అడిగాడు. ఒక సంచి నిండా మోసుకొచ్చి సారు ముందు కుమ్మరించాడు. ఇప్పుడు అక్కడ ఒక్కొక్కరిది ఒక్కో గ్లాసు, ఎవరెవరి పేర్లో ఉన్నాయి వాటి మీద. సాయిలు తాగేది ఎవరో కొత్త జంట గ్లాసులో. ఆ జంట ఎవరో అతనికి తెలియదు, అతనెవరో ఆ జంటకు తెలియదు. కడగడానికి ఊళ్లోంచి ఇంకొకామెను పెట్టుకున్నారు. నీళ్ల పని ఇదివరకటి కంటే చాలా ఆలస్యమవుతుంది, దానికి సారు ఇప్పటికీ సణుగుతాడు. వచ్చినవాళ్లకు మాత్రం ఇది తన పద్ధతేనని చెబుతాడు. చెప్పుకోనివ్వండి.

కొమురెల్లి తిరిగి అక్కడికే వెళ్లాడు. మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. చొక్కా కొంచెం నిండింది. నేను మాత్రం చెప్పకుండానే వెళుతుంటాను, ఏ వారమైనా. గేటు దగ్గర నన్ను చూసి సారు గడియారం వంక చూస్తాడు, తర్వాత దారి ఇస్తాడు. మీవాళ్లెవరైనా ఇలాంటి చోట ఉంటే నేల మెరుస్తోందా అని చూసి తిరిగి రాకండి. అన్నం వేళకు వెళ్లండి. తలుపు దగ్గరికి వేస్తే నెట్టండి. మాటరాని మనిషి మొహం తిప్పుకుంటే ఎందుకో అడగండి, మొండితనమని పేరు పెట్టకముందే.

మొన్న వెళ్లినప్పుడు భోజనాలయ్యేదాకా హాల్లోనే గోడకు ఆనుకుని నిలబడ్డాను. కొమురెల్లి తన పాత గ్లాసు ఇంకా దగ్గరికి రాకముందే నోరు తెరిచాడు. తాగాడు. నా వైపు చూసి నవ్వాడు, ఈసారి పూర్తిగా. పళ్లేల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఇంతమంది తిని, తాగి, ఎవరూ దగ్గకుండా ఉన్నారు. అది వినడం ఇంకా అలవాటు కాలేదు నాకు. చెవులు రిక్కించుకునే ఉన్నాను.

అవతలి మూల నుంచి సాయిలు దగ్గాడు, ఒక్కసారి.

నేను కదలబోయాను. రాజవ్వ అప్పటికే లేచింది. గబగబా వెళ్లి, అతన్ని ముందుకు వంచి, వీపు మీద చెయ్యి వేసి, మొహంలోకి చూస్తూ ఆగింది. అతను ఊపిరి తీసుకున్నాడు. ఆమె ఇంకా ఆగింది. అతను తల ఊపాక మళ్లీ గ్లాసు అందించింది.

పక్కనే ఖాళీ స్టూలు ఉంది. కూర్చున్నాను.